చిటికెడు సాంబ్రాణి

నా చిన్నప్పుడు మా ఇంటి గోడమీద గుండ్రటి తెల్లమచ్చ ఒకటి ఉండేది. అంతకుముందు అక్కడ మా తాత కాలం నాటి డప్పు వేలాడేది. మా నాయన కృష్ణలో బాప్తిస్మం తీసుకుని, తడిబట్టలతోనే ఇంటికి వచ్చి, ఆ డప్పును మేకు నుంచి దించాడు. గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టేశాడు. గోడను మా అమ్మ ఎన్నిసార్లు అలికిందో చెప్పలేను. ఆ మచ్చ మాత్రం పోలేదు.

మా ఊరు వీపనగండ్ల దాటి ఏటివైపు పోయే దారిలో ఉంటుంది. మాదిగవాడలో డప్పు వంతు ఉన్న ఇళ్లు నాలుగు. ఊరమ్మ పండుగకు ఏడాదికో ఇంటివాళ్లు డప్పు పట్టాలి. మొదటి దెబ్బ ఆ ఇంట్లోనుంచే మోగాలి. అది వినకుండా అమ్మవారు గుడి దాటి బయటికి రాదని ఊరి నమ్మకం. మేము ప్రార్థనలో కలిశాక మూడేళ్లు వంతు మిగతా ఇళ్లమీదుగా తిరిగింది కాబట్టి ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు. నాలుగో ఏడు మా ఇంటికి వచ్చింది. మా ఖర్మకు అప్పటికి వరసగా రెండేళ్లు వానలు లేవు.

ఊరివాళ్లు చెడ్డవాళ్లని నేను ఇప్పటికీ అనను. కళ్లముందు జొన్న మాడిపోతుంటే, పశువులను తోలుకుపోయి అయిజ సంతలో అడిగినకాడికి ఇచ్చి వచ్చినవాళ్లు. భయపడిన మనిషికి ఏదో ఒక కారణం చేతికి దొరకాలి. వాళ్లకు ఆ కారణం మా అటకమీద గోనెసంచిలో దొరికింది.

పండుగ ఇంకా వారం ఉందనగా తలారి మా గడపముందుకు వచ్చాడు. "పటేలు యాది చెయ్యమన్నడు" అని చెప్పి పోయాడు. మూడోనాడు మళ్లీ వచ్చి అదే మాట అన్నాడు. అయిదోనాడు వచ్చి ఏమీ అనలేదు. మా ఎదురుగా బండమీద కూర్చుని బీడీ తాగి, మా ఇంటికప్పును ఒకసారి పరిశీలనగా చూసి వెళ్లిపోయాడు. మా అమ్మ చేతిలో చాట జారి కిందపడింది. ఆనాటి నుంచి కూలికి పిలిచేవాళ్లు లేరు. బావిదగ్గర మా కుండల్లోకి చేదతో నీళ్లు వొంపే ముసలమ్మ, ఎన్నో ఏళ్ల పరిచయం ఉండి కూడా, మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుని చేద భుజాన వేసుకుని వెళ్లింది.

మా నాయన తల్లిని మేము జేజి అని పిలిచేవాళ్లం. ఆమెకు అక్షరం ముక్క రాదు. గద్వాల వైపు నుంచి నడిచి వచ్చే బైబిలమ్మ ఒకామె చెప్పిన కథలన్నీ ఆమెకు నోటికి వచ్చు. కాకపోతే తన సొంతానికి మార్చి చెప్పేది. సింహాన్ని ఆమె చూసింది లేదు. నల్లమలలో కట్టెలకు పోయినప్పుడు చిరుతను చూసింది కాబట్టి, ఆమె కథల్లో భక్తులను తినేది ఎప్పుడూ చిరుతే.

పండుగకు ముందునాటి మధ్యాహ్నం జేజి, నేను విత్తనానికి వేరుశనగకాయలు వొలుస్తున్నాం. ఆమె ఒక కథ మొదలుపెట్టింది. మొదటి విశ్వాసుల కాలంలో ఒక రాజు ఉండేవాడట. నా బొమ్మముందు నిప్పుమీద చిటికెడు సాంబ్రాణి వేసి నన్ను దేవుడని ఒప్పుకోండి, ఆ తర్వాత మీ ఇళ్లలో మీరు ఎవరిని మొక్కుకున్నా నాకు అక్కర్లేదు అన్నాడట. వేసినవాడు ఇంటికి, వేయనివాడు చిరుత నోటికి. ఒక ముసలాయన వంతు వచ్చింది. నెరిసిన తల, వణికే కాళ్లు. బంట్రోతుకు కూడా జాలివేసి, తాతా, చిటికెడే గదా, వేసి పో అని బతిమాలాడట. ముసలాయన వేయనన్నాడు.

చిటికెడంటే ఎంత అని అడిగాను. జేజి వేరుశనగ పొట్టు రెండు వేళ్లమధ్య పట్టి చూపించింది. ఊదితే ఎగిరిపోయేంత. నాకు ఆ ముసలాయనమీద ఒళ్లు మండిపోయింది. ఎంత మొండివాడు, ఇంతమాత్రం దానికి ప్రాణం పోగొట్టుకుంటాడా అనుకున్నాను. జేజి ఇంకా ఏదో చెప్పబోయింది. అంతలో అమ్మ పిలవడంతో లేచిపోయింది. కథ సగంలో ఆగింది.

ఆ సగం కథే నాచేత తప్పు చేయించింది.

పండుగనాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తలారి, ఇంకో నలుగురు వచ్చారు. అటకమీది డప్పును వాళ్లే దించారు. మా నాయనను నడిపించుకుంటూ గుడిముందుకు తీసుకుపోయారు. జేజి, నేను వెనకాలే పోయాం. ఊరంతా అక్కడే ఉంది. వరిగడ్డి మంటపెట్టి డప్పును కాచారు. ఏళ్లతరబడి చుట్టిపెట్టిన తోలు టపటపమంటూ బిగుసుకుంటుంటే ఎవరో లోపలినుంచి తలుపు కొడుతున్నట్టు ఉంది.

పటేలు పెద్దగా అరిచే మనిషి కాదు. ఆయన మెత్తగా మాట్లాడితేనే అందరికీ హడల్. "ఏందిరా గీ పంతం?" అన్నాడు. "ఆట వద్దు, పాట వద్దు. ఒక్క దెబ్బ కొట్టు. కొట్టి ఇంటికి పో, నీ దేవున్ని నువ్వు మొక్కుకో. ఎవరన్న వద్దన్నరా?"

ఒక్క దెబ్బ! నా కళ్లముందు జేజి వేళ్లమధ్య పొట్టు కనబడింది. మా నాయన చేతులు జోడించి నిలబడ్డాడు. "నీ కాల్మొక్త పటేలా. గడ్డి కొయ్యమను, కోస్త. పీనుగును మొయ్యమను, మోస్త. గిది మాత్రం నాతోని గాదు" అన్నాడు. పడుచు కుర్రవాళ్లు నలుగురు ముందుకు జరిగారు. వాళ్ల చేతుల్లో కర్రలున్నాయి. మా నాయన కదలలేదు.

నేను కదిలాను. ఎలా పోయానో నాకే తెలియదు, జేజి చేయి విడిపించుకుని మనుషుల కాళ్లమధ్యనుంచి దూరి, మంటపక్కన నేలమీద వేడెక్కి ఉన్న సిర్ర, అదే డప్పు కొట్టే పుల్ల, తీసుకుని డప్పుమీద ఒక్కటి వేశాను. ఆడపిల్ల ముట్టకూడని డప్పు. నా బలానికి అంత మోత వస్తుందని నేను అనుకోలేదు. గుడి గోడకు తగిలి తిరిగి వచ్చింది.

 జనంలోంచి ఒక ముసలాయన నవ్వాడు, ఆ నవ్వు అందరికీ పాకింది. కర్రలు పట్టినవాళ్లు కూడా వాటిని కిందికి దించారు. నిజం చెబుతున్నాను, ఆ జనంలో మా నాయనను కొట్టాలని ఉన్నవాళ్లకంటే కొట్టకుండా ఇంటికి పోవాలని ఉన్నవాళ్లే ఎక్కువ. పటేలు ముఖంకూడా తేటపడింది. "ఆ ఇంటి బిడ్డె కొట్టింది గదా, గంతే సాలు. అమ్మ ఇన్నది. ఇంగ పో" అన్నాడు. నేను బతికించాను మా నాయనను అనుకుని పొంగిపోయాను.

మా నాయన నా చేతిలోని సిర్ర మెల్లగా తీసుకుని కిందపెట్టాడు. నన్ను తన వెనక్కి జరుపుకున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "నా బిడ్డ నాకేమన్న అయితదని భయపడి కొట్టింది పటేలా. దాన్ని నాది అనకుండ్రి. నేను కొట్టలే. కొట్ట" అన్నాడు.

అయ్యో నాయనా, ఊరుకుంటే పోయేది కదా! తలుపు తెరిచి దారి చూపిస్తే, తనే మళ్లీ మూసుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. కర్ర ఒకటి ఎటునుంచో వచ్చి ఆయన నుదుటికి తగిలింది. రక్తం కనుబొమ్మమీదుగా కారింది. ఆయన తుడుచుకోలేదు, ఎవరు విసిరారో చూడలేదు. పటేలు లేచి నిలబడి, ఈ ఊర్లో నీకు పనిలేదు, బావిలో నీకు నీళ్లు లేవు అని రెండు ముక్కలు చెప్పాడు. తర్వాతి వంతు ఇంటాయన తలవంచుకుని డప్పు అందుకున్నాడు. ఆ మోత వెంటరాగా మేము ఇంటికి వచ్చాం.

నేను పోయి చొప్పవామి వెనక దాక్కున్నాను. చిటికెడు వేసింది నేనే. పైగా అది పనికికూడా రాలేదు. దేవుడు నన్ను చూడడు, మా నాయన నాతో మాట్లాడడు అనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. పొద్దు వాలుతుండగా జేజి వెతుక్కుంటూ వచ్చి నా పక్కన చతికిలబడింది. తిట్టలేదు. ఆగిపోయిన కథ పట్టుకుంది.

ఆ రాజు పోయాక కష్టం తీరిందట. చెరసాలల్లోంచి విశ్వాసులు తిరిగి వచ్చారు. ఒకాయనకు కన్ను లేదు, ఒకామెకు కాలు ఈడ్పు. వాళ్లు ప్రార్థన చేసుకుంటుంటే తలుపు బయట ఏడుపు వినిపించింది. చూస్తే, భయపడి సాంబ్రాణి వేసినవాళ్లు. లోపలికి రావడానికి ముఖం లేక బయటే నిలబడ్డారు. దెబ్బ తగలనివాళ్లు కొందరు, వాళ్లను రానివ్వద్దు అన్నారట. కన్ను పోయినాయన లేచాడు. తడుముకుంటూ పోయి తలుపు తీశాడు. "దెబ్బలు తిన్నోడు రమ్మన్నంక, తిననోడు వద్దనేటందుకు ఎవడే?" అంది జేజి.

నన్ను రెక్కపట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మా నాయన నుదుటికి పసుపు గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. సరిగ్గా ఆ తెల్లమచ్చ కింద. ముందు జొన్న సంకటి గిన్నె. నన్ను చూసి కుడిచేయి చాపమన్నాడు. సిర్ర పట్టిన చోట బొబ్బ లేచి ఉంది. దాన్ని చూసి, "ఆ చేత్తోనే నాకు బువ్వ పెట్టు బిడ్డా" అన్నాడు. నేను ముద్దలు చేసి పెట్టాను, ఆయన తిన్నాడు. ఇద్దరి ముఖాలూ తడిసిపోయాయి.

ఊళ్లో పని లేకపోవడంతో నాయన మేస్త్రీ వెంట కాలువల పనికి దూరదేశం పోయాడు. రెండో ఎండాకాలం కట్టమట్టి విరిగిపడి అక్కడే పోయాడు. ఆయనను ఎవరూ చిరుతముందు వేయలేదు. పని ఇవ్వలేదు, నీళ్లు ఇవ్వలేదు, అంతే. చాలా ఏళ్లు నేను పటేలుమీద, ఊరిమీద, ఒక్కోసారి మా నాయనమీదకూడా కోపంతో ఉడికిపోయాను. ఆ ఒక్క దెబ్బను నాది అని ఒప్పుకుని ఉంటే ముసలివాడై మా మధ్యే పోయేవాడు కదా అని ఇప్పటికీ అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ, అప్పుడు ఆయన మా నాయన కాకపోయేవాడు అనికూడా తోస్తుంది.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరి మొక్కు వారిది, ఎవరి బోరు వారిది. విత్తనాలకు పెంచే సీడుపత్తి చేలల్లో పొద్దంతా మగపూలను ఆడపూలకు అద్ది వచ్చిన ఆడవాళ్లు వేళ్లకు అంటిన పుప్పొడి పోకముందే ప్రార్థనకు వచ్చి కూర్చుంటారు. కానీ గాలి ఎప్పుడు ఎటు మారుతుందో చెప్పలేం. మొన్న హైదరాబాదునుంచి మనవరాలు వచ్చింది. వచ్చిందగ్గరనుంచి నా ముఖంలోకి చూడటం లేదు. మెడలో సిలువ గొలుసు లేదు. గట్టిగా అడిగితే బయటపడింది. "రూము కోసం ఆరు ఇండ్లు తిరిగిన జేజీ. ఏడో ఇంట్ల ఆమె అడిగింది, మీరు చర్చికి పోతరా అని. పోము అన్న. గొలుసు తీసి బ్యాగుల ఏసిన" అని కుళ్లికుళ్లి ఏడ్చింది.

నా నోరు మంచిది కాదు. కాలువగట్టున చచ్చిపోయిన మనిషి మునిమనవరాలివేనా నువ్వు అని గొంతుదాకా వచ్చింది. ఆ మాట అనే హక్కు నాకుందా? డప్పుమీద మోగిన మొదటి దెబ్బ ఎవరిది? దాని కుడిచేయి నా ఒళ్లో పడి ఉంది. ఆ చేతిని విప్పి చూశాను. లేత చేయి, కంప్యూటరు మీద పనిచేసే చేయి, బొబ్బ కూడా లేదు. పొయ్యిదగ్గర ఉన్న సంకటి గిన్నె దానిముందుకు జరిపాను.

"ఏడ్చింది సాలు. గా చేత్తోనే నాకింత కలిపి పెట్టు బిడ్డా" అన్నాను.