మా నాన్న నౌకరి పోలేదు

వానాకాలం సాయంత్రాల్లో నాచారం మెయిన్ రోడ్డు మీద మక్క కంకుల బండి దగ్గర ఆగినప్పుడల్లా, విసనకర్ర ఊపుకి బొగ్గులు ఎర్రబడి ఆ ఘాటు వాసన ముక్కుకి తగలగానే, నాకు ఆకలి వేయాల్సింది పోయి చిరాకు వేస్తుంది. నిమ్మకాయ, కారం రాసిన కంకి తింటూ కూడా నాలో నేను విసుక్కుంటూనే ఉంటాను. నా చిన్నతనంలో ఒక ఏడాదంతా ఆ వాసన మా బట్టలకు, వెంట్రుకలకు, చివరికి పెరుగన్నానికి కూడా పట్టింది మరి!

నాన్న ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు క్లర్కు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, సైకిలు, అంతే ఆయన లోకం. అటువంటి మనిషికి ఉన్నట్టుండి ఇనుము కొట్టాలని మనసైంది. ఉప్పల్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణాల కుప్పలు వస్తూ పోతూ చూసీ చూసీ ఆయన బుద్ధి అటు మళ్లిందని అమ్మ అనేది. ఒక ఆదివారం లారీ బ్రేకు డ్రమ్ము తెచ్చి ఇదే కొలిమి అన్నాడు. ఇంకో ఆదివారం మూరెడు రైలు పట్టా ముక్క రిక్షాలో వేయించుకొచ్చి, దాగలి అన్నాడు. కాలిన ఇనుమును దాని మీద పెట్టి కొట్టాలట. కొలిమికి గాలి కావాలని మా కూలరు మోటారు ఊడదీశాడు, ఆ ఎండాకాలమంతా మేము అట్ట ముక్కలతో విసురుకున్నాం. విరిగిన గడ్డపారలు, లారీ కమాను పట్టీలు వచ్చి సరిగ్గా నా తొక్కుడుబిళ్ల గీతల మీదే కూర్చున్నాయి.

"గిదేందయ్యా, ఇల్లా, ఇనుప దుకాణమా?" అని అమ్మ అరిస్తే, "శౌఖే, శౌఖు. నీకు సమజ్ గాదు" అనేవాడు.

ఉత్త సరదాకి ఇనుము కొట్టడమేమిటో అమ్మకే కాదు, మా గల్లీలో ఎవరికీ సమజ్ కాలేదు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న రోజులవి. క్లర్కు ఇంటి పెరట్లోంచి సుత్తె చప్పుడు వస్తే జనం ఏమనుకుంటారు? నౌకరి పోయిందనుకున్నారు. సద్దుల బతుకమ్మ నాడు, ఆట అయిపోయి అందరూ నువ్వుల పొడి, పల్లీల పొడి, రొట్టె బెల్లం కలిపి పిసికిన మలీద పంచుకుంటుంటే, పక్కింటి సత్తెమ్మ అత్త మిగతా పిల్లలకు చిన్న ముద్ద పెట్టి నా చేతిలో మాత్రం ఇంత పెద్ద ముద్ద పెట్టింది. "మంచిగ తిను బిడ్డా. మీ నాయిన పరిస్థితి బాగలేదు గద" అంది, అదీ ఆడవాళ్లందరి ముందు.

"మా నాయిన నౌకరి పోలే అత్తా! గది శౌఖు!"

"శౌఖంటే పావురాలు పెంచుతరు, పతంగులెగిరేస్తరు. ఇనుము కొట్టుడేంది, పాపం" అని నా నెత్తి నిమిరింది. ఒళ్లు మండిపోయింది నాకు. మలీద మాత్రం తిన్నాను, అబద్ధమెందుకు.

రామంతాపూర్‌లో ఉండే మా మేనమామ అందరినీ మించిపోయాడు. ఈ కబురు ఆయన చెవిన ఎవరు వేశారో గానీ, బావను అడిగితే నామోషీ పడతాడని, తిన్నగా ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికే వెళ్లి, "సారూ, మా బావను మళ్ల తీస్కోరి. ఇంట్ల ఇనుము కొట్టుకుంట బతుకుతుండు" అని బతిమాలాడు. ఆ సమయానికి నాన్న పక్క గదిలోనే కూర్చుని పని చేసుకుంటున్నాడు! మేనేజరుకు ఇనుము అన్న మాటొక్కటే వినపడింది. స్టోర్సు క్లర్కు ఇంట్లో ఇనుమా? ఎక్కడిది? అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న ఉద్యోగం ఆ క్షణం నుంచి నిజంగానే ఊగిసలాడటం మొదలుపెట్టింది.

ఆదివారం ఫ్యాక్టరీ నుంచి ఒక ఆఫీసరు మా ఇంటికి తనిఖీకి వచ్చాడు. దొంగ అన్న ముద్ర పడితే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది. పాలిపోయిన ముఖంతో నాన్న ఒక్కో ముక్కా తిప్పి, ఇది ఉప్పల్‌లో కొన్నది, ఇది లారీది అని చూపిస్తుంటే గల్లీ అంతా గోడ మీదికి ఎక్కింది. సత్తెమ్మ అత్త ఊరుకుంటుందా? "నౌకరి గుంజుకుంటిరి, ఇగ కొలిమి గూడ గుంజుకుంటరా సారూ? ఏదో జేసి అమ్ముకుంటుండు పాపం!"

"అమ్ముతుండా? ఏం అమ్ముతుండు?" అన్నాడు ఆఫీసరు.

అమ్మ నెత్తి కొట్టుకుని లోపలికి పోయి, ఏడాదంతా నాన్న చేసిన సరుకు తెచ్చి ఆయన ముందు పడేసింది. పట్టుకుంటే జారిపోయే పటకారు, వంకాయ కూడా తెగని కత్తి, ఎటు తిప్పినా దోసె కిందికి దూరని అట్లకాడ. "గివి ఎవడు కొంటడో నువ్వే జెప్పు సారూ!"

ఆఫీసరు అట్లకాడను అటూ ఇటూ తిప్పాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇనుమంత తుప్పుదే, మాది గాదు. ఇగ గిది... శౌఖేనమ్మా, ఎవరికీ డౌటుండది" అని వెళ్లిపోయాడు.

ఉద్యోగం నిలిచింది. నాన్నకు మాత్రం దొంగతనం అనుమానం కంటే ఆ నవ్వే ఎక్కువ మండింది. "అట్లకాడకేమైందే?" అని అమ్మతో రోజుల తరబడి తగువు పడి, అలిగి, మళ్లీ కొలిమి వెలిగించలేదు. చప్పుడు ఆగేసరికి మామయ్యే బతిమాలి నౌకరి మళ్లీ ఇప్పించాడని గల్లీ అంతా చెప్పుకుంది. మామయ్య కాదనలేదు, సరికదా మీసం కూడా దువ్వుకున్నాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మంటే.

ఇప్పుడా గల్లీ లేదు. ఫ్యాక్టరీ ఉన్న చోట లేచిన అపార్ట్‌మెంట్లలోనే నేనుంటున్నాను. షిఫ్టు సైరన్లు లేవు, ఎక్కి తొంగిచూడటానికి పొట్టి గోడలూ లేవు. సద్దుల బతుకమ్మ సెల్లార్లో ఆడతాం, మలీద ప్లాస్టిక్ డబ్బాల్లో అందరికీ ఒకే కొలతగా వస్తుంది. ఎవరూ ఎవరింటి సంగతీ అడగరు. చిన్నప్పుడు నేను కోరుకున్నదీ ఇదే కదా.

మా ఆయన ఉద్యోగం పోయి నెలలు గడుస్తున్నాయి. పొద్దున్నే మామూలుగానే లిఫ్టులో దిగుతాడు, పాలు తెస్తాడు, అందరికీ నమస్తే చెబుతాడు. ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.