గంట తోక వినిపించిన టీచరమ్మ

మా బడిలో ఒకటో తరగతి చెప్పిన టీచరమ్మ పోయింది. ఆళ్ళగడ్డ బస్సు కండక్టరు ఒకడు నంద్యాలలో దిగి, నేరుగా మా ఇంటికి వచ్చి ఈ కబురు చెప్పాడు. వాడు మా బడిలో చదువుకున్నవాడే. ఇప్పుడు గుబురు మీసాలు పెంచాడు. అయినా నన్ను చూడగానే వాడి చేతిలోని బీడీ వీపు వెనక్కి పోయింది.

"నిన్న సాయంత్రం పోయిందంట. రేపు పొద్దున ఆళ్ళగడ్డలోనే సమాధి చేస్తాండారు. నీకు చెప్పిపోదామని వచ్చినా."

"లోపలికి రారా, ఆడ్నే నిలబడినావేంది?"

"లేదులే, డ్యూటీలో ఉండా," అంటూ రెండడుగులు వెనక్కి వేసి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

టీచరమ్మ పోయిందన్న బాధ కంటే ముందు నాకు సిగ్గు వేసింది. పిల్లలలో ఏ భయాన్ని పోగొట్టాలని ఆమె అంత పాటుపడిందో, ఆ భయం నా ముఖం చూస్తే ఆ మీసాల మనిషి కాళ్ళలో ఇంకా కదులుతోంది.

నేను ఆ బడిలో ప్యూనుగా పనిచేశాను. తాళాలు తీయడం, గంట కొట్టడం, పిల్లలను అదుపులో పెట్టడం నా పని. ఆ చివరిది నాకెవరూ చెప్పలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. నాకు చదువు రాదు. అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. ఇందులో తప్పులుంటే సర్దుకోండి. చదువు లేకపోయినా నా గొంతు లేస్తే రోడ్డు మీద జట్కా గుర్రం ఆగాలని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

టీచరమ్మ వచ్చేనాటికి మా కడగొట్టు కూతురు కూడా ఒకటో తరగతిలో ఉంది. పొద్దున పలకలు తీయకముందే ఆమె పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టించి, కళ్ళు మూయించేది.

"గాలి లోపలికి పోతే పొట్ట లేస్తాది. బయటికొస్తే దిగుతాది. దాన్నే చూస్తా ఉండండి. ఇంకేం చేయాల్సిన పనిలేదు."

"కళ్ళు మూసుకొని ఎట్ల చూసేది టీచర్?"

"చేత్తో చూడు నాయనా."

ఇదేం చదువని వరండాలోంచి చూశాను. ఒకడు గోక్కుంటున్నాడు, ఇంకొకడు పక్కవాడిని గిచ్చుతున్నాడు. ఆమెకు సాయం చేద్దామని బెత్తం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "కళ్ళు తెరిచినోని వీపు పగుల్తాది! గమ్మునుండండి!" అని ఒక్క కేక పెట్టాను. అందరి కళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఒక పిల్ల ఏడ్చింది.

"ఏమప్పా, గమ్మునుండమని ఇంత గట్టిగా చెప్తే ఎట్ల?" అని టీచరమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చింది. మేలు చేయబోతే నవ్వుతుందా అనుకున్నాను.

అట్లా చేసింది నేనొక్కడినే కాదు. ఇంట్లో కూడా కాసేపు పిల్లల పక్కన కూర్చోండి అని టీచరమ్మ పిల్లల తల్లిదండ్రులకు చెప్పింది. వారం తిరిగేసరికి కిరాణా కొట్టు శెట్టి సంతోషంగా వచ్చాడు. "మావోడు బాగా కూర్చుంటాండాడు టీచరమ్మా. కదిలితే ఒకటి పీకుతాండా!" అన్నాడు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత, "పిల్లోళ్ళకు కాదు, మనకు నేర్పాల ముందు," అంది. ఆ మాట ఆమె నోట నేను చాలాసార్లు విన్నాను.

ఇంతలో ఇంకొక గొడవ లేచింది. కళ్ళు మూయించి చర్చి ప్రార్థన చేయిస్తోందని శెట్టికి ఎవరో ఎక్కించారు. ముక్కు మూసుకుని చేసే సన్యాసుల పనులు మన పిల్లలకెందుకని చర్చి పెద్ద అడిగాడు. ఇద్దరూ ఒకే రోజు వచ్చారు.

"సరే, ఇద్దరూ నా పక్కన కూర్చోండి. ఏం చేపిస్తాండానో మీరే చూసి చెప్పండి," అంది టీచరమ్మ. ఒక శనివారం తల్లిదండ్రులనీ, బడిలో పనిచేసేవాళ్ళనీ, హెడ్మాస్టరుతో సహా అందరినీ పిలిచింది.

ఆ రోజు పెద్దవాళ్ళు కింద కూర్చోవాలి. ఎవరింటి పిల్ల వచ్చి వాళ్ళ వీపు మీద అరచెయ్యి పెట్టి, ఊపిరి వేగంగా ఉందో నిమ్మళంగా ఉందో చెప్పాలి. పిల్లలే మాకు పంతుళ్ళు. "మా నాయన వీపు ఉత్త కొలిమితిత్తి మాదిరి ఆడతాంది టీచర్!" అని శెట్టి కొడుకు అంటే అందరూ పగలబడి నవ్వారు. శెట్టి కూడా నవ్వాడు.

మా పాప నా వెనకకు వచ్చింది. చెయ్యి చాపింది. ఆ చెయ్యి నా వీపుకు జానెడు దూరంలోనే ఆగిపోయింది. నేను తల తిప్పి చూశాను. పాప టీచరమ్మ వైపు చూసింది కానీ నన్ను ముట్టుకోలేదు.

"ఏమప్పా, ఇంట్లో గూడా బెత్తమేనా?" అన్నాడు శెట్టి.

మళ్ళీ నవ్వులు. నా చెవులు కాలిపోయాయి. "నాకు పనుండాది," అని లేచి బయటికి వచ్చేశాను. నడుముకున్న తాళాల గుత్తి గలగలమంది. లోపల్నుంచి టీచరమ్మ గొంతు వినపడింది.

"ఇప్పుడేం చప్పుడు వినపడింది?"

"తాళాలు టీచర్!"

"ఆ చప్పుడు ఇంటే ఏమైతాది?"

"గుండె దడదడమంటాది టీచర్."

అందులో మా పాప గొంతు ఉందో లేదో ఆగి వినే ధైర్యం నాకు లేకపోయింది.

సోమవారం ఆమె గంట దగ్గరికి వచ్చింది. మా గంట అంటే డోన్ నుంచి ఎవరో తెచ్చి ఇచ్చిన రైలు పట్టా ముక్క. వరండా దూలానికి వేలాడేది. శనివారం సంగతి ఆమె ఎత్తలేదు.

"ఒక్క దెబ్బ కొట్టప్పా. దాని తోక ఎంత పొడుగుండాదో పిల్లోళ్ళు ఇంటారు."

"గంటకు తోకేంది?"

"కొట్టినాక మిగిలేదే తోక."

మోత ఎవరికి వినపడకుండా పోతే వాళ్ళు వేలు ఎత్తాలి. నేను కొట్టాను. ఒక్కొక్క వేలే లేచింది. అందరికంటే చివర లేచింది మా పాప వేలు. మరునాడు ఇంకా పొడుగు తోక రావాలని నాకే పంతం పుట్టింది. సుత్తి తగలగానే వెనక్కి తీసేయాలి, ఆనించి ఉంచితే మోత చచ్చిపోతుంది. తాళాల గుత్తికి పాత గుడ్డ చుట్టాను. ఎవరూ చెప్పలేదు. ఆమె దాన్ని చూసింది, అంతే.

మా పాప ఇంట్లో ఇత్తడి చెంబును గరిటెతో కొట్టి, వాళ్ళమ్మ చేత వేలు ఎత్తించేది. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. మోత ఆగేదాకా నేనూ వినేవాణ్ణి. విన్నానని ఒక్కరోజూ చెప్పలేదు.

ప్రతి శనివారం పెద్దవాళ్ళు కూర్చోవడం సాగింది. శెట్టీ, చర్చి పెద్దా పక్కపక్కనే కూర్చుని కునికేవాళ్ళు. హెడ్మాస్టరు బెత్తం బీరువా వెనక్కి చేరింది. నేను మాత్రం వరండా దాటలేదు. టీచరమ్మకు ఆళ్ళగడ్డ బదిలీ అయినప్పుడు నాతో చెప్పడానికి వచ్చింది.

"నువ్వొక్కసారి లోపలికొచ్చి కూర్చోనుంటే బాగుండునప్పా. పాప నీకోసం చూస్తా ఉండె."

"నేను కూర్చుంటే గంటెవురు కొట్టాల?" అన్నాను.

"అదీ నిజమే," అని ఆమె నవ్వింది. భలే జవాబు చెప్పానని ఏళ్ళ తరబడి చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే చెయ్యి ముందుకు పోవడం లేదు.

సమాధికి మా పాపతో కలిసి ఆళ్ళగడ్డ వెళ్ళాను. తనిప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. రెండు ఊళ్ళ పిల్లలూ పెద్దవాళ్ళై వచ్చారు. కండక్టరు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. మన్ను వేయడం అయ్యాక అందరూ అక్కడే నేల మీద కూర్చున్నారు. ఈసారి నేనూ కూర్చున్నాను. చర్చి గంట ఒక్క దెబ్బ మోగింది.

ఎవరూ చెప్పలేదు. కండక్టరు కళ్ళు మూసుకున్నాడు. నేను తప్ప అందరూ మూసుకున్నారు. నా వీపు మీద ఒక అరచెయ్యి ఆనింది.

"వేగంగా ఉండాది నాయనా," అంది మా పాప మెల్లగా, నా చెవి దగ్గర. "గమ్మున కూర్చో."

ముందు కండక్టరు వేలు లేచింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. నాకు చెవులు మందగించి చాలా కాలమైంది. గంట తోక ఇంకా ఉందో, ఆగిపోయిందో తెలియడం లేదు. తల తిప్పి మా పాప రెండో చేతి వైపు చూశాను.

ఆ వేలు ఇంకా లేవలేదు.