బొంతలో కూసొని చెప్పిన మాట

"బొంత కప్పుకుంటెనే గొంతు సాఫ్‌గ వస్తది తమ్మీ. ఫ్యాన్ బంద్, కిటికీ బంద్, కుక్కర్ బంద్. మా షహర్ బానోను ఊపిరి గూడ మెల్లగ తీస్కొమ్మంట."

షరీఫ్ భాయ్ పొద్దున్నుంచి కూసున్న చోట కూసుంట లేడు. ఫోన్ మోగినప్పుడల్లా లేచి, "అవును, నేనే. అవును, నిజమే," అని చెప్పి మళ్ళ నా ముందటికి వస్తుండు.

హుజూరాబాద్‌ల ఆయన గొంతు ఎరుగనివాళ్లు లేరు. ఆటో మీద మైకులు కట్టుకొని చీరల దుకాణం, కొత్త హోటల్, ఎవరన్న పోతె దహనం వేళ, అన్నీ ఆయనే చెప్తడు. ముందుగాల ఇంట్ల బొంత కప్పుకొని, గోడల మోత పడకుంట రికార్డు చేస్తడు. పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి ఊరంత తిప్పుతడు.

అదే బొంతల ఒక వానాకాలమంత ఆయన ముడుచుకొని పన్నడు. పండుకుంటె లేవబుద్ధి కాదు, లేస్తె కూసోబుద్ధి కాదు. బిడ్డ యుమ్నా "అబ్బా" అని పిలిస్తె ఇంకెవరినో పిలిచినట్టు ఉండేదట. భార్య షహర్ బానో బయట నడుం నొప్పి అని చెప్పుకొచ్చింది. ఇగ చూడాలె, పక్కింటోళ్లు నూనె తెచ్చిండ్రు, సైకిల్ షాపు హనుమండ్లు తన నడుం బెల్టు తెచ్చి స్వయంగ కట్టిపోయిండు.

"లేని నొప్పికి గంత ఇజ్జత్ ఉంది తమ్మీ. ఉన్న నొప్పికి పేరు గూడ లేకపాయె."

కరీంనగర్ డాక్టర్ పేరు పెట్టిండు, డిప్రెషన్ అని. మందులు రాసిండు, కూసోబెట్టి మాట్లాడించిండు. మెల్లమెల్లగ ఆకలి తిరిగొచ్చింది, గొంతు తిరిగొచ్చింది. నడుం నొప్పి మాత్రం ఊర్ల అట్లనే నిలిచిపోయింది. ఆయన గూడ దిద్దలే.

ఇప్పుడు అదే రోగం ఆదిలాబాద్‌ల ఆయన పెద్దన్న ముకర్రంను పట్టింది. జిన్నింగ్ మిల్లుల పని చేసేటాయన. పత్తి బండ్లు వరుస కట్టే రోజులల్ల గూడ ఇల్లు కదలుత లేడు. "నేను లేకుంటెనే మీకు నయం," అంటుండని వదిన ఫోన్‌ల ఏడ్చింది. డాక్టర్ మాట ఎత్తితె, "నేనేమన్న పిచ్చోన్నా?" అని తలుపేసుకుంటడట.

షరీఫ్ భాయ్ ఉరికిండు. అన్న ముందట కూసున్నడు. పత్తి ధర మాట్లాడిండు, చలి గురించి మాట్లాడిండు, చాయ్ తాగి బస్సెక్కిండు.

"ఊరంతకు చెప్పే నోరు. భయ్యా ముందట పడిపోయింది."

ఆ తర్వాత అన్న ఫోన్ ఎత్తుడు మానేసిండు. అందుకని షరీఫ్ భాయ్ తనకు వచ్చిన పద్ధతిల పోదామనుకున్నడు. బొంత కప్పుకొని రికార్డు పెట్టిండు. ఇంటి భాష దక్కనీల మొదలుపెడితె ఏడుపొచ్చిందట. తెలుగుల పెడితె మైకు గొంతు దానంతటదే లేచింది. ముకర్రంకు పాటల డబ్బా ఒకటి ఉంది, పెన్‌డ్రైవ్ పెడితె మోగుతది. ఎవరిచేతనన్న పంపుదామని లెక్క.

తప్పు ఇక్కడ జరిగింది. సిద్దిరాములు చీరల దుకాణం ప్రకటన ఉన్న పెన్‌డ్రైవ్‌లనే దీన్ని గూడ ఎక్కించి పండుకున్నడు.

నిన్న అంగడి. కూరగాయల దిక్కు ఆటో ఆపి, మైకు మోగుతుంటె ఈయన చాయ్‌కి పోయిండు. రెండు చీరలు కొంటె ఒకటి ఉచితం అనుడు అయిపోయింది. మళ్ళ అదే రావాలె. రాలే.

"భయ్యా, నేను షరీఫ్‌ను. నాకు నడుం నొప్పి రాలే. మనసుకు రోగమొచ్చింది. మందులు వేసుకున్న, ఇంక వేసుకుంటున్న. నేను పిచ్చోన్ని గాను, నువ్వు గూడ గావు. డాక్టర్ దగ్గరికి పోదాం రా. లోపల నీ చెయ్యి పట్టుకొని కూసుంట."

వెంటనే, రెండు చీరలు కొంటె ఒకటి ఉచితం.

చాయ్ గ్లాసు చేతుల పట్టుకొనే ఉరికిండట. అన్న పేరు అందుల లేదు, అదొక్కటే నయం. మీట మీద వేలు పెట్టిండు. అంగడంత ఈయన దిక్కే చూస్తుంది. ఆకుకూరలమ్మే కమలవ్వ లేచి నిలబడ్డది.

"ఆపకు కొడుకా. నా బిడ్డకు గూడ గిట్లనే ఉంది, లేవకుంట పంటుంది. దాన్ని తోల్కొస్త, మళ్ళ పెట్టు."

ఆ మాట చెప్పేటప్పుడు షరీఫ్ భాయ్ నా భుజం పట్టి ఊపిండు. "పెట్టిన తమ్మీ. పెద్దగ పెట్టిన!"

జనం మూగిండ్రు. ఇద్దరు పోరలు నవ్విండ్రు, కమలవ్వ చూస్తె ఊకున్నరు. హనుమండ్లు అందర్ల నిలబడి, "నడుం నొప్పి లేదంటివి గద, మరి నా బెల్టు నాకియ్యి," అన్నడు. అందరు నవ్వంగ షరీఫ్ భాయ్ గూడ కండ్లెంబడి నీళ్లొచ్చేదాక నవ్విండట.

సిద్దిరాములు దుకాణం దిగి వస్తుంటె మాత్రం, ఇగ ఈ బేరం పోయిందనుకున్నడు. సేటు ఆటో పక్కన నిలబడి మొత్తం విన్నడు. చీరల ముచ్చట గూడ విన్నడు. ఆ తర్వాత దగ్గరికి జరిగి మెల్లగ, "గా డాక్టర్ ఐతారం ఉంటడా?" అన్నడు. ఎవరికని ఈయన అడుగలే.

ఇంటికొస్తె షహర్ బానో మొఖం మాడ్చుకొని కూసున్నది. ఆయన కంటె ముందు వార్త వచ్చింది. అట్లనే మొఖం పెట్టి, "నయమైంది. అబద్ధం గుర్తుపెట్టుకునే పని తప్పింది," అని లేచి అన్నం పెట్టింది.

అప్పటిసంది ఫోన్లు. అందరు విన్నరు. వినాల్సిన ఒక్క మనిషే వినలే.

నేను రేపు ఆదిలాబాద్ పోతున్న, మా అక్కోళ్లింటికి. ఆ సంగతి షహర్ బానోనే ఆయన చెవిల వేసింది. పెన్‌డ్రైవ్ తెచ్చి నా అరచేతుల పెట్టి, వేళ్లు తానే ముడిచిండు. చీరల ముచ్చట తీసేసినవా అని అడిగిన.

"లే, ఉంచిన. గది వింటె భయ్యా నవ్వుతడేమో. జర ఇను తమ్మీ. చేతికిచ్చి రాకు, నువ్వే డబ్బాల పెట్టు. నడుమ బంద్ చెయ్యమంటడు, చెయ్యకు. అయిపోయినంక నాకు ఫోన్ కలిపి ఆయన చెవి కాడ పట్టు. మాట్లాడకున్నా పెట్టెయ్యకు. నేను ఇక్కడ బొంత కప్పుకొని ఇంటుంట."