పటం అంచు మీది కొండ

నా భార్య ఈ వానాకాలంలో పోయింది. యాంగోన్ నగరంలో, బోటాటౌంగ్ పేటలో మా ఇంట్లోనే, ముందుగది పక్కనున్న గదిలో, తలుపు వేసుకుని పోయింది. జబ్బు నాకు అంటుకుంటుందని లోపలికి రానివ్వలేదు. ఎవరి గడపా ఎవరూ తొక్కని రోజులు కాబట్టి మీలో చాలామందికి కబురు ఆలస్యంగా అందింది. ఆమె దగ్గర భూగోళం చదువుకున్నవాళ్ళు మీలో ఉన్నారు. బళ్ళో ఆమె చెప్పిన పాఠాలు మీకు గుర్తుంటాయి. ఇంట్లో ఆమె చేసుకున్న పని గురించి నేను చెప్పాలి.

ఆమె వేల్స్ దేశపు చిన్న చిన్న కొండల్ని వర్గీకరించేది.

ఆమెకు చిన్నతనంలో చదువు చెప్పిన దొరసానిది వేల్స్. విదేశీయుల్ని పంపించేసిన రోజుల్లో ఆవిడ ఓడెక్కుతూ, తన ఊరి వైపు పటాలు కొన్ని ఈమె చేతిలో పెట్టి వెళ్ళింది. మన బర్మా దేశపు కొండల పటాలు సైన్యం బీరువాల్లో ఉండేవి, మామూలు మనుషులకు దొరికేవి కావు. యాంగోన్‌లో కొండ అంటే పెద్ద పగోడా కింద ఉన్నదొక్కటే. అందుకని ఆమె చేతిలో ఉన్న కొండలతో మొదలుపెట్టింది.

పెళ్ళయిన కొత్తలో నాకు వింతగా ఉండేది. భోజనాల బల్ల మీద పటం పరిచేది. అన్నం మేము కింద కూర్చుని తినేవాళ్ళం. శిఖరం పక్కన ఎత్తు అచ్చేసి ఉంది కదా, ఇంకేం చూస్తావని అడిగాను. ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదంది. అది తనంతట తాను కొండా, పక్కనున్న పెద్ద కొండకు భుజమా అన్నది తేలాలి. దాన్ని వదిలి ఇంకా ఎత్తైన కొండకు వెళ్ళాలంటే, ఎంత సులువైన దారిలోనైనా ఎంత దిగక తప్పదో చూడాలి. ఆ దిగుడే కొండకు సొంత ఎత్తు. వంద అడుగులైనా దిగనిదే ఆమె దేన్నీ కొండ అనేది కాదు.

నాకు అర్థం కాలేదని బాల్కనీలోకి తీసుకెళ్ళింది. ఆ రోజు వానకు వీధి మునిగింది. టీ దుకాణం ముందున్న మెట్ట, రేవు వైపు మెట్ట పైకి కనిపిస్తున్నాయి. రెంటికీ మధ్య సన్నటి జాగా మాత్రం ఇంకా మునగలేదు.

"సూడండి. ఆ సన్న జాగా మునిగితే టీకొట్టు లంకైపోద్ది. కడాకరికి మునిగిన కాణ్ణించి కొలవాల" అంది.

ఏం చూస్తున్నారని టీకొట్టాయన కింద నుంచి అడిగితే, నీ కొట్టు కొండో కాదో తేలుస్తున్నామంది. కొండ అని తేలితే ఇంటాయన అద్దె పెంచుతాడు, కాదని చెప్పమ్మా అన్నాడాయన.

పటం మీదా ఆమె పద్ధతి అదే. ఎత్తు గీతల మధ్య నీలం పెన్సిలుతో నీళ్ళు నింపుకుంటూ పైకి వచ్చేది. విడిగా నిలబడ్డ కొండ చుట్టూ చిన్న గుండ్రం గీసేది. ఊహించి గీసింది ఒక్కటీ లేదు.

ఒక్క కొండ మాత్రం మిగిలిపోయింది. అది పటానికి తూర్పు అంచున ఉంది. శిఖరం మా పటంలో ఉంది, దిగుడు మా దగ్గర లేని పక్క పటంలో ఉంది. నీళ్ళు నింపబోతే పెన్సిలు కాగితం దాటి బల్ల మీదికి వచ్చేది. ఆ గీత బల్ల మీద ఇప్పటికీ ఉంది. ఫోన్లు వచ్చాక వాటిలో వెతికింది. "దార్లున్నాయి, ఎత్తుల్నేవు" అని పక్కన పెట్టేసింది. చివరికి, విదేశంలో ఉన్న ఆమె పాత శిష్యురాలు, ఒక లైబ్రరీలో ఆ పక్క పటం దొరికిందనీ, ఫోటో తీసి పంపుతాననీ రాసింది. ఆ వారమే సైన్యం ప్రభుత్వాన్ని పడదోసింది. తర్వాత నెట్ పోయింది.

తిరుగుబాటు రోజుల్లో సాయంత్రాలు వీధంతా నిరసనగా గిన్నెలు వాయించేది. ఆమె కూడా సత్తు గిన్నె వాయించి, వచ్చి పటం ముందు కూర్చునేది. సోదాలు మొదలయ్యాక నేను భయపడ్డాను. గుర్తులు పెట్టిన పటాలు ఇంట్లో దొరికితే ఇన్సేన్ జైలుకు పోవడానికి అది చాలు. తగలబెడదామన్నాను. ఆమె అన్నీ తీసి బల్ల మీద పరిచింది.

సోదాకు వచ్చిన సైనికుడు గుండ్రాల మీద వేలు పెట్టి, ఇవి ఎవరి స్థావరాలు సయామా అని బర్మీస్‌లో అడిగాడు. టీచరమ్మను ఇక్కడ అలా పిలుస్తారు. వేల్స్ కొండలు నాయనా అంది. అక్కడెవరుంటారన్నాడు. గొర్రెలుంటాయంది. అతను కాసేపు వంగి చూసి, మా ఊరి కొండ ఉందా ఇందులో అన్నాడు.

"మీ ఊరి పటం నాకెవరూ ఇవ్వలేదు నాయనా."

అతను వెళ్ళిపోయాడు.

వానలతో పాటు ఆమెకు జ్వరం వచ్చింది. నేను తలుపు ఇవతల కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. గంజి గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగేవాణ్ణి. నెట్ వచ్చిందేటి అని రోజూ అడిగేది. రాలేదనేవాణ్ణి. ఒకరోజు ఆమె ఆయాసం వింటూ ఉండలేక, ఆ అంచు కొండకు దిగుడు వంద అడుగులు తప్పకుండా ఉంటుంది, గుండ్రం గీసేస్తున్నానన్నాను.

"సూడకండా సుట్టకండి" అంది.

తర్వాత ఆమె మాటలు నాకు సరిగ్గా వినిపించలేదు.

సమాధి దగ్గర ప్రార్థన క్లుప్తంగా అయింది. కొన్ని రోజులకు నెట్ వచ్చింది, ఫోటో వచ్చింది. పటం పరిచి, దాని తూర్పు అంచుకు ఫోను ఆనించాను. బల్ల మీది గీత ఫోను కిందికి పోయింది. ఆమె చెప్పినట్టే కింద నుంచి నీళ్ళు నింపుకుంటూ వచ్చాను. రెండుసార్లు చూశాను. దిగుడు లోతుగా ఉంది. అది ఎవరి భుజమూ కాదు, కొండే. నీలం పెన్సిలుతో గుండ్రం గీశాను. లేచి వెళ్ళి ఆ గది తలుపు దగ్గర నిలబడి, చూసే గీశానని చెప్పాను.

ఇది రాస్తుంటే బయట వాన పడుతోంది. వీధి మునిగింది. టీ దుకాణం మూసి ఉంది. దాని ముందు మెట్ట పైకి కనిపిస్తోంది, రేవు వైపు మెట్ట కూడా. మధ్యలో సన్నటి జాగా ఇంకా మునగలేదు. కాగితం ఇక్కడ వదిలి బాల్కనీలోకి వెళ్తాను. మా బాల్కనీ ఇద్దరికి ఇరుకు. అలవాటు కొద్దీ నేను ఒక పక్కకు జరిగే నిలబడతాను.