నిమ్మకు నీరెత్తిన మనిషి

కౌంటరు ముందు జనం ఎంత గోల చేసినా గుమాస్తాగారు తలెత్తరు. చెవి గోక్కుంటూ "రేపు రండి" అంటారు. ఇంట్లోనూ అంతే. "కుళాయి విరిగి వంటిల్లు చెరువైతే, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారేం?" అని భార్య దెప్పేది. అలాంటి మనిషి, నోరు తెరిచి ఏదీ అడగని ప్రాణి కదా అని ముచ్చటపడి, కుండీలో నిమ్మమొక్క తెచ్చుకున్నారు. పొద్దున్నే ఒక్కొక్క ఆకూ తుడిచేవారు. తొలి పూత వాసన చూపించడానికి పక్కింటాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. మొన్న ఆకులు ముడుచుకుంటే ఆఫీసుకు సెలవు పెట్టి, కుండీని చంటిబిడ్డలా ఎత్తుకుని మొక్కల నర్సరీకి పరిగెత్తారు. అక్కడి మనిషి తలెత్తకుండా "రేపు రండి" అన్నాడు.

"ఇక్కడ ప్రాణం పోతుంటే వాడికి చీమ కుట్టినట్టయినా లేదే" అని ఇంటికొచ్చి ఊగిపోయారు.

ఆయన కుర్చీలో కూర్చున్న భార్య తాపీగా చెవి గోక్కుంది. "రేపు వెళ్లండి."