మంకీ క్యాప్ పెట్టుకున్న చెర్రీ చెట్టు

మా పొట్టి చెర్రీ చెట్టుకూ మా అమ్మాయి మేఘనకూ ఒకటే వయసు, ఆరేళ్లు. మేఘన పుట్టిన నెలలో కొని, వెస్ట్‌మీడ్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో కుండీలో పెట్టాం. ఇంతవరకూ ఒక్క పువ్వు పూయలేదు. "ఈ ఏడు కూడా పూయకపోతే ఎవరికైనా ఇచ్చేద్దాం" అని మా ఆయన తేల్చేశాడు. మేఘన రెండు రోజులు అలిగింది. నాకూ మనసొప్పలేదు. అందుకే, ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్‌లో, మొదటి శనివారం చెట్టునూ పిల్లనూ కారెక్కించుకుని ఓబరన్ బయలుదేరాను. మంచు పడే ఆ కొండ ఊళ్లో సుగుణ ఆంటీ పొట్టి చెర్రీలు పెంచుతున్నారు. వరంగల్ నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్లు ఇక్కడ డాక్టరుగా చేసి రిటైరయ్యారు.

ఉదయం ఏడింటికి బయల్దేరాం. చెట్టును వెనక సీట్లో మేఘన పక్కన పెట్టి, బెల్టు బిగించి, నా పాత నేతచీర చుట్టాను. మేఘన తన పాత మంకీ క్యాప్ తెచ్చి కొమ్మకు తొడిగింది. గుంటూరు ఎండల్లో పెరిగినదాన్ని, పదిహేను డిగ్రీలకే వణికిపోతాను. దారిలో కటూంబాలో ఆగితే కాఫీకి, రెండు పై పేస్ట్రీలకు ఇరవై డాలర్ల దాకా అయింది. హార్ట్లీలో హైవే వదిలి ఎడమకు తిరిగాక రోడ్డంతా మాదే. ఆగినదంతా కలిపి మూడు గంటల ప్రయాణం.

ఆంటీ పెరట్లో గడ్డి ఇంకా తెల్లగా గడ్డకట్టి ఉంది. ఛాతీ ఎత్తు చెర్రీ చెట్లు ఆకు లేకుండా ఆరుబయటే నిలబడి ఉన్నాయి. ఆంటీ మా చెట్టు చీర విప్పి చూశారు.

"ఏం జేసినవమ్మా దీన్ని? జూన్‌ల గూడ పచ్చగున్నది!"

"చలికి చచ్చిపోతుందని ఏటా ఇంట్లో హీటర్ పక్కన పెడతాం ఆంటీ."

ఆంటీ పడీపడీ నవ్వారు. "చలి వెడితేనే ఇది నిద్రపోతది. మంచిగ నిద్రపోతేనే పూస్తది. ఆరేండ్ల సంది నిద్ర లేకుండ జేసినవ్!"

నాకు నవ్వు రాలేదు, చెట్టును చూస్తే జాలేసింది.

"ఈ వింటర్ ఈడ్నే ఉండనియ్. వారం రోజులు షెడ్‌ల వెట్టి, మెల్లగ బయట వెడ్త. గ్యారంటీ ఇయ్య గని, ఛాన్స్ ఉన్నది. పూత వచ్చినంక మాత్రం ఫ్రాస్ట్ పడి గడ్డకట్టే రాత్రి బట్ట కప్పాలె. పొట్టి చెట్టు గదా, ఒక్క చీర సాలు."

"అమ్మా, షి విల్ బి సో కోల్డ్!" అంది మేఘన.

రెండు స్వెటర్లు, మఫ్లర్, చేతులకు గ్లౌజులు. పిల్ల ముఖం చెమట పట్టి ఎర్రబడి ఉంది. అప్పటిదాకా నేను గమనించనే లేదు. మఫ్లర్, పై స్వెటర్ తీసేశాను. మరుక్షణం ఆ తెల్లగడ్డి మీద అరుస్తూ పరుగెత్తింది.

ప్రేమ కొద్దీ చేశాను కదా అని తిరుగు ప్రయాణమంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వెనక సీట్లో ఆ ఖాళీ చూస్తే మాత్రం దిగులుగానే ఉంది. మీరూ చెర్రీ పెంచుతుంటే చలికాలంలో ఇంట్లోకి తేకండి. పాత చీర ఉంటే పూత రోజులకు దాచుకోండి. నాది ఆంటీ షెడ్డులో, చెట్టు పక్కనే మడతపెట్టి వచ్చాను.