కథలో పేరు లేని భార్య

మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ నగరం అంచున కోసాడ్‌లో మాది ఒంటిగది ఇల్లు. పనికి పోయే దారిలేక బాపు పొద్దంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను బీఏ మొదటి ఏడు, క్లాసులు ఫోన్లోనే. గుజరాతీ మేడం ఒక కథ ఇచ్చి, అందులోని పాత్రలనూ కుటుంబ వారసత్వాన్నీ విశ్లేషించమంది.

కథ చిన్నదే. ఒకతను చనిపోయిన తండ్రి చేమగ్గాన్ని ఇంటి నడుమ అలాగే ఉంచుకుంటాడు. అమ్మేద్దామని భార్య పోరుతుంది. అతను ఒప్పుకోడు. చివరికి ఆమె పుట్టింటికి వెళ్లిపోతుంది.

బాపు అడిగితే తెలుగులో చెప్పాను. సొంతూళ్లో ఉన్న మా తాత మగ్గం గుర్తొచ్చిందేమో, ఆయన కళ్లు చెమర్చాయి.

"మంచోడు. తాతల సొత్తు అమ్ముకోలే," అన్నాడు.

రొట్టెలు కాలుస్తున్న అమ్మ ఇటు తిరిగింది. "ఆమె పేరేంది బిడ్డా?"

"పేరు లేదమ్మా. భార్య అనే రాశారు."

"ఇంటి నడుమ మగ్గముంటే ఆమె ఏడ పండుకున్నది?"

"కథల గదంత ఎందుకే నీకు?" అని బాపు కసిరాడు.

అమ్మ పెనం దించి బాపు వైపు తిరిగింది. "పెండ్లయి వచ్చిన తెల్లారి నుంచి మీ అయ్య మగ్గానికి నూలు కండెలు చుట్టిన. ఇది కడుపుల ఉన్నప్పుడు గూడ చుట్టిన. చీరె చూసినోళ్లందరు మీ అయ్యనే మెచ్చుకున్నరు. నా పేరు ఎవ్వలన్న ఎత్తిండ్రా?"

బాపు విసురుగా లేచి బయటికి నడిచాడు. వీధిలో పోలీసులుండటంతో మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

భార్యది దురాశ కాదు, ఆ ఇంట్లో ఆమెకు చోటే లేదు అని రాశాను. మేడం దాన్ని క్లాసులో అందరికీ చదివి వినిపించింది. ఆ భార్య వారసత్వం విలువ తెలియని మనిషని, కథలో లేనిది రాయొద్దని చెప్పి, మళ్లీ రాయమంది. నేను రాయలేదు. ఆ పేపర్లో అత్తెసరు మార్కులొచ్చాయి.

మరుసటి ఏడాది తాత కరోనాతో పోయాడు. మేం రైలెక్కకముందే దహనం అయిపోయింది. కొన్నాళ్లకు ఊరినుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. రోడ్డు మీద కొత్తగా పెట్టిన హోటల్ వాళ్లు అలంకారానికి పాత మగ్గం కావాలంటున్నారట.

"ఇచ్చెయ్‌రా," అన్నాడు బాపు. కాసేపైనా ఆలోచించలేదు.

ఎదురుగా కూర్చుని కూలికి తెచ్చిన చీరకు మెరుపు రాళ్లు అంటిస్తున్న అమ్మ తలెత్తింది. "నన్నొక మాట అడగవా?"

"నిన్నేమడుగుడు?" అంటూ బాపు చెప్పులేసుకుని పనికి పోయాడు.

మర్నాటినుంచి అమ్మ ఆయనకు అన్నం డబ్బా కట్టడం మానేసింది. ఎందుకని అడిగాను.

"చేతులు నొస్తున్నయి బిడ్డా," అంది.